అంకె కింద సంతకం

జియాలజిస్టుల సంఘం అనగానే మన యూనివర్సిటీల్లో, ప్రయోగశాలల్లో ఒక పెదవి విరుపు కనిపిస్తుంది. "సంఘాలా! ఏడాదికో సదస్సు, ఒక సావనీరు, నాలుగు శాలువాలు, మధ్యాహ్నం భోజనం. పరిశోధన చేసేది ల్యాబు, డబ్బు పెట్టేది ప్రభుత్వం, బోరు వేసేది కంపెనీ. మధ్యలో సంఘానికేం పని?" అంటారు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లూ ఇదే అంటారు. ఐరోపాలో ఇదే మాటను కాస్త మర్యాద చేసి చెబుతారు. లక్షల యూరోల ఉమ్మడి ప్రాజెక్టు రాసుకునేటప్పుడు యంత్రాలూ ప్రయోగాలూ యూనివర్సిటీలు పంచుకుంటాయి. మిగిలిన సమావేశాలు, కరపత్రాలు, ప్రచారం జియాలజిస్టుల సమాఖ్య వాటాకు వస్తాయి. ఆ పైన "వాళ్లది పరిశోధన కాదు కదా" అని పంచినవాళ్లే తేల్చేస్తారు.

ఈ అభిప్రాయం తప్పు, పైగా ఖరీదైన తప్పు. భూమి లోపలి సంగతుల్లో మనకున్న కొరత యంత్రాలది కాదు. ఒకచోట తెలిసింది అవసరమైన చోటికి చేరకపోవడం మొదటి కొరత. చెప్పిన అంకెకు ఎవరూ పూచీ పడకపోవడం రెండోది. ఈ రెంటినీ ల్యాబు తీర్చలేదు, మంత్రిత్వ శాఖ తీర్చలేదు, కంపెనీ అసలే తీర్చదు. ఎక్కడైనా కొంత తీరిందంటే వృత్తి సంఘం పూనుకున్న చోటే తీరింది.

మొదటి కొరతతో మొదలుపెడతాను. నైరుతి జర్మనీలో స్టౌఫెన్ అని చిన్న పట్టణం. 2007లో అక్కడి పాత టౌన్‌హాలును బాగుచేస్తూ, చలికాలంలో గదులు వెచ్చబెట్టడానికి భూమి లోపలి వేడిని వాడుకుందామనుకున్నారు. ఆలోచన మంచిదే. భవనం వెనకాల 140 మీటర్ల లోతున ఏడు బోర్లు వేశారు. రాయలసీమలో రైతు నీళ్ల కోసం వెయ్యి అడుగులు దింపుతున్న ఈ రోజుల్లో అదొక లోతే కాదు. కొన్ని వారాలు గడిచేసరికి గోడలు పగలడం మొదలైంది. అడుగున ఒత్తిడి మీదున్న భూగర్భ జలం, సరిగా మూసుకోని బోరు అంచుల వెంట పైకెక్కి అన్‌హైడ్రైట్ పొరను తాకింది. అన్‌హైడ్రైట్‌కు నీరు తగిలితే జిప్సంగా మారుతుంది. మారేటప్పుడు ఘనపరిమాణం 60 శాతం దాకా పెరుగుతుంది. అడుగున పొర ఉబ్బింది, పైన ఊరు లేచింది. తొలి రోజుల్లో నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున లేచింది. శతాబ్దాల నాటి ఇళ్లు, 250కి పైగా, బీటలు వారాయి. తలుపులు బిగుసుకుపోయాయి, కిటికీ చట్రాలు వంకర తిరిగాయి, కొన్ని భవనాలను కూల్చవలసి వచ్చింది. నష్టం కోట్ల యూరోలకు చేరింది.

ఇక్కడ లోపించింది పరిశోధనా? కాదు. అదే రాతిపొరలో తవ్విన స్టుట్‌గార్ట్ వాగెన్‌బుర్గ్ సొరంగం నేల దశాబ్దాలుగా ఉబ్బుతూనే ఉంది. స్విట్జర్లాండ్ బెల్షెన్ సొరంగానిదీ అదే కథ. అన్‌హైడ్రైట్ ఎందుకు ఉబ్బుతుందో, ఎంత బలంతో నెడుతుందో కొలిచిన పరిశోధన పత్రాలు లైబ్రరీల్లో ఉన్నాయి. సొరంగాల వాళ్లకు ఆ రాయి బాగా తెలుసు. ఆ తెలివిడి టౌన్‌హాలు వెనక నిలబెట్టిన రిగ్గు దగ్గర అక్కరకు రాలేదు, అంతే. ఊరు పగిలాక స్టౌఫెన్ ఉన్న రాష్ట్రం నిబంధనలు బిగించింది, జిప్సం, అన్‌హైడ్రైట్ తగిలే చోట బోర్ల మీద ఆంక్షలు పెట్టింది. తెలిసినదాన్ని ఒక వృత్తిలోని ఒక శాఖ నుంచి మరో శాఖకు చేర్చడం రెండో తరగతి పని అనేవాళ్లు ఒకసారి స్టౌఫెన్ వీధుల్లో నడిచి, గోడల్లోని బీటల్లో వేలుపెట్టి చూసి వచ్చి ఆ మాట అనాలి.

ఇప్పుడు ఐరోపా జియాలజిస్టుల సమాఖ్య సంగతి. యూరోపియన్ ఫెడరేషన్ ఆఫ్ జియాలజిస్ట్స్ 1980లో ఏర్పడింది. ఆఫీసు బ్రస్సెల్స్‌లో ఉంది. ఇందులో సభ్యులు దేశాల సంఘాలు: స్పెయిన్ జియాలజిస్టుల వృత్తి మండలి, హంగరీ జియలాజికల్ సొసైటీ, ఐర్లండ్ జియాలజిస్టుల సంస్థ, లండన్ జియలాజికల్ సొసైటీ ఇలాంటివి. చదువు, అనుభవం, నీతి నియమావళికి కట్టుబాటు చూసి వ్యక్తులకు "యూరోపియన్ జియాలజిస్ట్" అనే వృత్తి బిరుదు ఇస్తుంది. ఐరోపా యూనియన్ హొరైజన్ 2020 పరిశోధన పథకం కింద ఖనిజాలు, భూగర్భ జలాలు, జియోథర్మల్ (భూమి లోపలి వేడి) రంగాల్లో చాలా ప్రాజెక్టుల్లో పాలుపంచుకుంది, కొన్నిటిని తానే నడిపింది.

వీటిలో ఒకటి యునెక్స్‌మిన్. 2016 నుంచి 2019 వరకు సాగింది, నడిపించింది హంగరీలోని మిష్కోల్ట్స్ యూనివర్సిటీ. మూతపడి నీళ్లతో నిండిపోయిన గనుల్లోకి మనిషి దిగలేడు. దిగి చూడగల రోబో కావాలి. యూఎక్స్-1 అని తయారు చేశారు. 60 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి యంత్రం, బరువు 112 కిలోలు, 500 మీటర్ల నీటిలోతు తట్టుకునేలా కట్టారు. ఫిన్లండ్‌లోని కాతియాలాలో, స్లొవేనియాలోని ఇద్రియా పాదరసం గనిలో, పోర్చుగల్‌లోని ఉర్జెయిరిసా యురేనియం గనిలో, ఇంగ్లండ్‌లోని ఎక్టన్ రాగి గనిలో దింపి చూశారు. ఎక్టన్ అడుగు అంతస్తులు 150 ఏళ్లుగా నీళ్లలో ఉన్నాయి. పత్రికల్లో ఫోటోలన్నీ రోబోవే. న్యాయమే, ముచ్చటైన యంత్రం.

అయితే ఒక ప్రశ్న. ఐరోపాలో మూతపడ్డ గనులు వేలు. వాటిలో నీళ్లు నిండినవి ఎన్ని? ఏ గనిలో ఏ ఖనిజం మిగిలింది? ఏ షాఫ్టు గుండా ఈ గుండ్రటి యంత్రం పడుతుంది, ఏది కూలిపోయింది? ఈ ప్రశ్నలకు రోబో జవాబు చెప్పదు. జవాబు ఒక దేశంలో గనుల శాఖ రికార్డు గదిలో స్థానిక భాషలో రాసిన రిజిస్టరులో ఉంటుంది. ఇంకో దేశంలో ముప్పై ఏళ్ల కిందట రిటైరైన గని జియాలజిస్టు ఇంట్లో అటక మీద చుట్టచుట్టి పెట్టిన మ్యాపులో ఉంటుంది. సమాఖ్యలోని దేశాల సంఘాలు ఈ పని నెత్తికెత్తుకున్నాయి. ఎవరి దేశం రికార్డులు వాళ్లు వెదికి, ఒకే నమూనా పట్టికలోకి ఎక్కించి, ఐరోపా అంతటికీ నీట మునిగిన గనుల జాబితా తయారు చేశాయి. యంత్రం ఎక్కడ దిగాలో చెప్పేది ఆ జాబితాయే. దీన్ని "డేటా పోగేయడం" అని కొట్టిపారేస్తే, బోరు ఎక్కడ వేయాలో చెప్పడం పరిశోధన కాదు, బోరు తిప్పడమే పరిశోధన అన్నట్టవుతుంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. "ప్రతి దేశానికీ జియలాజికల్ సర్వే ఉంది. డేటా వాళ్ల దగ్గరే ఉంది. వాళ్లను అడిగితే సరిపోదా, సంఘం ఎందుకు?" నిజమే, రాళ్ల మ్యాపులు సర్వేలవే, సర్వే లేకుండా అడుగు పడదు. కానీ సర్వే దగ్గర ఉండేది ప్రభుత్వం సేకరించింది. కంపెనీ వేసిన బోరు రికార్డు కంపెనీ బీరువాలో ఉంటుంది. కన్సల్టెంటు చూసింది కన్సల్టెంటు నోట్‌బుక్కులో ఉంటుంది. ప్రొఫెసరు విద్యార్థి కొలిచింది థీసిస్‌లో ఉంటుంది. ఈ నలుగురూ ఒకే సభ్యత్వ రుసుం కట్టి, ఒకే నీతి నియమావళి కింద, ఒకే గదిలో కూర్చునే చోటు వృత్తి సంఘం ఒక్కటే. సర్వే ఉద్యోగి కంపెనీ జియాలజిస్టుతో ఆఫీసులో మాట్లాడాలంటే ఫైలు కావాలి. సంఘం సమావేశంలో టీ తాగుతూ మాట్లాడతాడు. మీరు ఎగతాళి చేసే ఆ టీ ఖర్చు దండగేమీ కాదు.

జియోథర్మల్‌కు వచ్చేసరికి ఈ అవసరం ఇంకా పెరుగుతుంది. ఖనిజమూ, భూమి వేడీ రెండూ వేరువేరు శాఖలన్నట్టు మన ఆఫీసుల్లో విడదీశారు గానీ, ప్రకృతిలో అవి కలిసే పుట్టాయి. ఇటలీలోని లార్డెరెల్లోలో 19వ శతాబ్దం మొదట్లోనే భూమిలోంచి ఉబికే వేడినీళ్ల నుంచి బోరిక్ ఆమ్లం తీసి అమ్మారు. 1904లో అక్కడే ప్రిన్స్ పియెరో జినోరి కొంతి భూగర్భ ఆవిరితో ఐదు బల్బులు వెలిగించాడు. అంటే ముందు ఖనిజం, తరవాత కరెంటు. ఇప్పుడు ఇంగ్లండ్ కార్న్‌వాల్‌లో యునైటెడ్ డౌన్స్ దగ్గర ఐదు కిలోమీటర్లకు పైగా దింపిన బావి నీళ్లలో లిథియం దొరికింది. రైన్ లోయలో, ఫ్రాన్స్ జర్మనీ సరిహద్దున, వేడి ఉప్పునీళ్లలోని లిథియం కోసం కంపెనీలు పోటీ పడుతున్నాయి.

ఖనిజం, వేడి రెంటినీ కలిపి ఒకే బావిలోంచి తీయవచ్చునా అని చూసిన ప్రాజెక్టు సీహెచ్‌పీఎం 2030. వేడి, కరెంటు, లోహం మూడూ ఒకే చోట. లోతున లోహాలున్న వేడి రాతిలోకి నీళ్లు పంపి, లోహాలను కరిగించుకుని పైకి తెచ్చి, విద్యుత్ రసాయన పద్ధతిలో వేరుచేయాలన్నది ఊహ. ఇదీ మిష్కోల్ట్స్ నాయకత్వంలోనే, 2016 నుంచి 2019 దాకా నడిచింది. కార్న్‌వాల్, పోర్చుగల్, రొమేనియాలోని బిహోర్ కొండలు, ఉత్తర స్వీడన్ నమూనా స్థలాలుగా తీసుకున్నారు. ఇది ఇంకా బావి దగ్గరికి చేరని ఊహే, ప్రయోగశాల స్థాయి దాటలేదు, ఆ సంగతి దాచనక్కర్లేదు. పైగా అలాంటి ఉప్పునీళ్లు పైపుల్లో పొరలు కట్టేస్తాయి. ఫ్రాన్స్‌లో అల్సేస్ ప్రాంతంలోని సుల్త్స్ జియోథర్మల్ కేంద్రంలో పైపుల లోపల పేరుకునే బెరైట్, గెలీనా పొరల్లో రేడియో ధార్మికత కూడా ఉంటుంది, శుభ్రం చేసేవాళ్లకు రక్షణ కావాలి. అయినా ఊహకు ప్రాణం ఎక్కడుందో చూడండి. నాలుగైదు కిలోమీటర్ల లోతున లోహం ఉన్న రాయి ఎక్కడెక్కడుందో తెలియాలి. ఐరోపాలో అంత లోతు బోర్లు కొన్నే. ఉన్నవి ఎవరో చమురు కోసం, ఎవరో గని కోసం, ఎవరో పరీక్ష కోసం వేసినవి. దేశదేశానా చెల్లాచెదురుగా ఉన్న ఆ సమాచారాన్ని రాబట్టింది సమాఖ్య సభ్య సంఘాలు. ల్యాబులో ఆమ్లం, రాయి ఉంటాయి. దేశం ఉండదు.

ఇక జనం సంగతి. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం కింద వేడి రాతిలోకి అధిక ఒత్తిడితో నీళ్లు పంపడం వల్ల 2006 డిసెంబరు 8న 3.4 తీవ్రతతో భూమి కంపించింది. పని ఆగింది, 2009లో ప్రాజెక్టు రద్దయింది. కొరియాలోని పోహాంగ్‌లో 2017 నవంబరు 15న 5.5 తీవ్రతతో వచ్చిన భూకంపం పదుల మందిని గాయపరిచింది. ఆ భూకంపాన్ని రేపింది జియోథర్మల్ బావులేనని 2019 మార్చిలో ఆ దేశ ప్రభుత్వం నియమించిన నిపుణుల బృందమే తేల్చింది. ఇలాంటివి విన్న ఊరివాళ్లు కొత్త బావి వేస్తామంటే ఎవర్ని అడగాలి? కంపెనీ జియాలజిస్టు కంపెనీ మనిషి. ప్రొఫెసరు ప్రాజెక్టు గ్రాంటు తింటున్నాడని అనుమానం. అధికారి పైవాడి మాట చెబుతాడు. 2019లో మొదలైన క్రౌడ్‌థర్మల్ ప్రాజెక్టు ఈ చిక్కు ముడి మీదే పనిచేసింది. ఊరివాళ్లే కొంత పెట్టుబడి పెట్టి, లాభం పంచుకుని, నష్టభయం ఎంతో ముందే తెలుసుకుని జియోథర్మల్ ప్రాజెక్టులో భాగస్వాములు కావడం ఎలా అన్నది దాని ప్రశ్న. ఐస్‌లాండ్, హంగరీ, స్పెయిన్ దేశాల ఉదాహరణలు తీసుకున్నారు. దాన్ని నడిపించింది ఏ యూనివర్సిటీయో కాదు, ఈ జియాలజిస్టుల సమాఖ్యే. కరపత్రాలు పంచే పనివాడనుకున్నవాడు ప్రాజెక్టు పగ్గాలు పట్టాడు.

రెండో కొరత పూచీది. అసలు వాదన ఇక్కడుంది కనుక కాస్త నిదానంగా చెబుతాను.

1969లో ఆస్ట్రేలియాలో పొసైడన్ అనే కంపెనీ నికెల్ కనిపెట్టానంది. డాలరు కంటే తక్కువున్న షేరు 1970 ఫిబ్రవరికి 280 డాలర్లకు ఎక్కింది, తరవాత కుప్పకూలింది. భూమిలో ఏముందో ఎవడు పడితే వాడు ఏ మాట పడితే ఆ మాట చెప్పేసే రోజులవి. దానికి మందు కనిపెట్టింది పార్లమెంటు కాదు. గని ఇంజినీర్లు, లోహశాస్త్రజ్ఞులు, జియాలజిస్టులు ఉన్న వృత్తి సంఘమూ, గనుల పరిశ్రమ మండలీ కూర్చుని వేసుకున్న ఉమ్మడి కమిటీ. జార్క్ అనే ఆ కమిటీ 1971లో మొదలై 1989లో తొలి నియమావళి తెచ్చింది. దాని గుండెకాయ ఒక్కటే: వనరు ఇంత ఉందని బయటికి చెప్పాలంటే, తగిన అనుభవమున్న ఫలానా మనిషి పేరు పెట్టి పూచీ పడాలి. ఆ మనిషి తప్పు చేస్తే శిక్షించగల వృత్తి సంఘంలో సభ్యుడై ఉండాలి.

కెనడా ఆ పాఠం ఆలస్యంగా, చాలా ఖరీదుగా నేర్చుకుంది. బ్రె-ఎక్స్ అనే కంపెనీ ఇండోనేషియాలోని బుసాంగ్‌లో బంగారం కొండ దొరికిందని చెప్పి, కోట్లాది డాలర్ల షేర్లు అమ్మింది. మామూలుగా బోరులోంచి తీసిన రాతికడ్డీని నిలువునా చీలుస్తారు. సగం పరీక్షకు పంపి, సగం రేపు ఎవరైనా సరిచూసుకోవడానికి పెట్టెలో దాస్తారు. బుసాంగ్‌లో కడ్డీ మొత్తాన్ని పొడి చేసి పంపారు. దాచిన సగమే లేదు. ఆ పొడిలో కలిపిన బంగారు రేణువులు సూక్ష్మదర్శిని కింద గుండ్రంగా కనిపించాయి. నదిలో దొర్లిన బంగారం అంచులరిగి అలా గుండ్రంగా ఉంటుంది, రాతిలో పుట్టింది అలా ఉండదు. 1997లో గుట్టు బయటపడింది. అప్పటికి పెన్షన్ ఫండ్లు, మామూలు మనుషుల పొదుపులు ఆవిరయ్యాయి. 2001లో కెనడా ఎన్.ఐ. 43-101 అనే నిబంధన తెచ్చింది. గని గురించి బయటపెట్టే ప్రతి సాంకేతిక నివేదికకూ అర్హుడైన వ్యక్తి బాధ్యత వహించాలి, అతనికి గుర్తింపు పొందిన వృత్తి సంఘంలో సభ్యత్వం ఉండాలి. ఆ గుర్తింపు పొందిన విదేశీ సంఘాల జాబితాలో ఐరోపా జియాలజిస్టుల సమాఖ్య ఉంది. బ్రస్సెల్స్ ఇచ్చిన బిరుదుతో పోలండ్‌వాడు టొరంటోలో సంతకం పెట్టగలుగుతాడు. ఐరోపా వనరుల నివేదికల ప్రమాణం పెర్క్‌కు మాతృ సంస్థల్లో ఒకటి కూడా ఈ సమాఖ్యే.

జియోథర్మల్‌లోనూ ఇదే కథ. భూమి కింద వేడి ఇంత ఉందని చెప్పడానికి ప్రపంచంలో తొలి ప్రామాణిక నియమావళి 2008లో ఆస్ట్రేలియాలో అక్కడి జియోథర్మల్ సంఘాలు రాసుకున్నదే. 2016లో ఐక్యరాజ్యసమితి వనరుల వర్గీకరణను జియోథర్మల్‌కు అన్వయించే నియమాలు వచ్చినప్పుడు వాటి తయారీలో అంతర్జాతీయ జియోథర్మల్ సంఘం చెయ్యి ఉంది. నియమావళి లేని పరిశోధన ఫలితాన్ని పక్క దేశం ఫలితంతో పోల్చలేం. పోల్చలేని ఫలితాల మీద ఉమ్మడి పరిశోధన అనేదే లేదు. అందువల్ల సంఘం ఉమ్మడి పరిశోధనకు చివర్న తగిలించే తోక కాదు, దానికి పునాది.

మన దగ్గరికొద్దాం. 2023 ఫిబ్రవరిలో జమ్మూ కశ్మీర్‌లోని రియాసీ జిల్లాలో 59 లక్షల టన్నుల లిథియం వనరు అని ప్రకటన వచ్చింది. టీవీలన్నీ చిలీతో పోటీ అన్నాయి, దేశం జాతకం మారిందన్నాయి. అది జీ3 దశ. అంటే ప్రాథమిక అన్వేషణ, ఉండవచ్చునన్న అంచనా. తవ్వి తీయడానికి లాభమా నష్టమా అన్న లెక్కకు ఇంకా రెండు మెట్లు మిగిలి ఉన్నాయి. పైగా అక్కడి లిథియం బంకమట్టి లాంటి రాతిలో ఉంది, దాన్ని వేరుచేసే పద్ధతి ఇంకా కుదుటపడలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న చందాన వేలానికి పెట్టారు. అర్హత గల బిడ్డర్లు తగినంతమంది రాక 2024లో ఒకసారి కాదు, రెండుసార్లు వేలం రద్దయింది. జియలాజికల్ సర్వే తన పని తాను చేసింది, దశ ఏమిటో రాసే ఇచ్చింది. ఆ అంకె కాగితం మీంచి టీవీకి వెళ్లే దారిలో "ఆగండి, దీనర్థం ఇది" అని చెప్పే వృత్తి సంఘం గొంతు మాత్రం వినిపించలేదు. డబ్బు పెట్టేవాళ్లు ఆ అంకెను ఎంత నమ్మారో రెండు వేలాలూ చెప్పాయి.

జియోథర్మల్‌లో 2025 సెప్టెంబరులో జాతీయ విధానం వచ్చింది. 381 వేడినీటి బుగ్గలు, 10,600 మెగావాట్ల సామర్థ్యం అంటున్నారు. గోదావరి లోయలో, మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి ఆధ్వర్యంలో పెట్టిన ప్రయోగాత్మక ప్లాంటు సామర్థ్యం 20 కిలోవాట్లు. ఆ ప్లాంటును చిన్నబుచ్చడం లేదు, మన నేల మీది తొలి అడుగుల్లో ఒకటి అది. కానీ 10,600 మెగావాట్లకూ 20 కిలోవాట్లకూ మధ్య ఉన్న దూరం ఎన్ని బోర్లు, ఎంత లోతు, ఎంత ఉష్ణోగ్రత, ఎంత నమ్మకం అన్న మెట్లుగా జనానికి కనబడాలి. పెద్ద అంకె పక్కన ఆ మెట్లు వార్తల్లో కనిపించవు.

హైదరాబాదువాళ్లకే తెలియని సంగతి ఒకటుంది. మైనింగ్ ఇంజినీర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం ఆబిడ్స్‌లో, చిరాగ్ అలీ లేన్‌లో ఉంది. ఈ అసోసియేషన్ పూనికతో ఏర్పడిన జాతీయ కమిటీయే 2019లో భారత ఖనిజ పరిశ్రమ నియమావళిని తెచ్చింది. జార్క్, పెర్క్ లాంటి కమిటీలన్నిటికీ పెద్ద గొడుగైన క్రిర్స్కోలో మనకు చోటు దక్కింది కూడా దాంతోనే. మంత్రిత్వ శాఖ కాదు, ఐఐటీ కాదు, ఒక వృత్తి సంఘం. సంఘాలతో పనేముందని అడిగేవాళ్లకు ఆబిడ్స్ సిటీ బస్సు దూరంలోనే ఉంది. విచారం ఏమిటంటే, ఆ నియమావళిని పాటించమని మన చట్టం ఎవరినీ కట్టడి చేయలేదు. మన గనుల చట్టం తనదైన వర్గీకరణతో నడుస్తుంది. మైనింగ్ ప్లాను రాసేవాడికి అర్హత కావాలంటుంది గానీ, వనరు అంచనాకు పేరు పెట్టి పూచీ పడ్డవాడు తప్పు చేస్తే సభ్యత్వం పీకేసే వ్యవస్థ జియాలజిస్టులకు లేదు. డాక్టరుకు కౌన్సిలుంది, ప్లీడరుకు బార్ కౌన్సిలుంది, చార్టర్డ్ అకౌంటెంటుకు ఇన్‌స్టిట్యూటుంది. వేల కోట్ల వేలానికి ఆధారమైన అంకె రాసే జియాలజిస్టుకు జవాబు చెప్పుకోవలసిన గుమ్మమే లేదు.

ఇప్పుడు అవతలివాళ్ల బలమైన మాటకు రావాలి. "వృత్తి సంఘమంటే వృత్తివాళ్ల స్వార్థ సంఘమే. గనుల కంపెనీల జీతగాళ్లే సభ్యులు. సదస్సు స్పాన్సరు కంపెనీయే. వీళ్లు కంపెనీ తప్పు చెబుతారా?" ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. సంఘాలు తమవాళ్లను కాపాడుకున్న సందర్భాలు ఏ వృత్తిలో చూసినా కనిపిస్తాయి. ఐరోపా ప్రాజెక్టుల్లో ఎవరూ చదవని నివేదికలు కుప్పలుగా ఉన్నాయి, సమాఖ్య రాసినవీ అందులో ఉన్నాయి. మన సంఘాల్లో శాలువాల సంస్కృతి ఉంది, ఒకే నాయకత్వం ఏళ్ల తరబడి కుర్చీ వదలకపోవడమూ ఉంది. అయితే ఈ అభ్యంతరం రుజువు చేసేది ఏమిటి? సంఘానికి కోరలు లేవని, పారదర్శకత కావాలని. సంఘమే అక్కర్లేదని కాదు. కంపెనీ మీద ఆధారపడ్డ జియాలజిస్టుకు కంపెనీని కాదనగలిగే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? "ఇలా రాస్తే నా సభ్యత్వం పోతుంది, సంతకం పెట్టను" అని చెప్పగలిగే వీలుంటేనే వస్తుంది. సంఘం లేనిచోట అతను ఒంటరి, మేనేజరు ముందు నిలవలేడు.

ఇంకో అభ్యంతరం కొత్తది, కుర్రవాళ్లది. ఉపగ్రహ చిత్రాలు, కృత్రిమ మేధ వచ్చాక ఖనిజం ఎక్కడుందో కంప్యూటరే చెబుతుంది, ఈ పాతకాలపు సంఘాలెందుకని. కంప్యూటరు చెప్పనివ్వండి, మంచిదే. దాని నోట్లో పెట్టే డేటా ఏ బోరుది, ఏ ల్యాబులో తేలింది, కడ్డీలో దాచిన సగం ఎక్కడుంది అన్నవి అడిగేది మాత్రం మనిషే. బుసాంగ్ పొడిని ఎంత తెలివైన యంత్రానికి ఇచ్చినా బంగారం ఉందనే చెబుతుంది.

జాతీయ కీలక ఖనిజ మిషన్‌ను 2025 జనవరిలో ఆమోదించారు. దానికి 16,300 కోట్ల రూపాయలు, ప్రభుత్వ రంగ సంస్థల వాటాగా మరో 18,000 కోట్లు అనుకున్నారు. 2030-31 నాటికి జియలాజికల్ సర్వే 1,200 అన్వేషణ ప్రాజెక్టులు చేపట్టాలన్నది లక్ష్యం. అంటే రాబోయే ఏళ్లలో రియాసీ లాంటి అంకెలు డజన్ల కొద్దీ వస్తాయి. గనుల శాఖ పెద్దలకు నా మనవి రెండు. భారత ఖనిజ పరిశ్రమ నియమావళిని వేలం పత్రాలకు తప్పనిసరి చేయండి. జియాలజిస్టుల నమోదుకూ శిక్షకూ అధికారం ఉన్న సంఘానికి చట్టంతో ఊపిరి పోయండి. ఆబిడ్స్ పెద్దలకు, బెంగళూరులోని జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా పెద్దలకు మనవి ఒక్కటే. వచ్చే సదస్సులో శాలువాలు తగ్గించి, వేలానికి వచ్చిన ప్రతి బ్లాకుకూ దశ ఏమిటో, ఆ అంచనాకు పూచీ పడ్డ మనిషి ఎవరో ఒక పట్టికగా అచ్చేసి, తెలుగులోనూ కన్నడంలోనూ హిందీలోనూ ప్రతి పత్రిక ఆఫీసుకూ పంపండి. దానికి చట్టం అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ సంవత్సరమే మొదలుపెట్టవచ్చు.